దానిమ్మ గింజ రంగు దాటిన కత్తి

నాకు రాయడం రాదు. సంతకం వరకు నేర్చుకున్నాను, అదీ పాస్‌పోర్టు కోసం. ఇప్పుడు నేను చెబుతుంటే మా ఆడబిడ్డ రాస్తోంది. ఆమె అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైంది. అక్షరం గుండ్రంగా ఉంటుందని అందరూ అంటారు. నేనన్న మాట మార్చకూడదని ముందే ఆమెకు చెప్పుకున్నాను.

ఇది పని నేర్చుకునే వయసులో ఉన్న పిల్లల కోసం. నేను బాగా చేసిన పనులు అడిగితే చాలా చెప్పగలను. అవి విని మీరు చేసేదేమీ లేదు. ఒమాన్‌లో నేను చెడగొట్టిన ఒక కత్తి గురించి చెబుతాను.

మాది నిజామాబాద్ వైపు కమ్మరి ఇల్లు. పెళ్లయిన నెలకే నా చేతికి సమ్మెట వచ్చింది. మా ఆయన కూర్చుని ఎడమచేత్తో పట్టకారు, కుడిచేత్తో చిన్న సుత్తె పట్టేవాడు. నేను నిలబడి సమ్మెట వేసేదాన్ని. కాలిన ఇనుము మీద ఆయన సుత్తెతో ఎక్కడ తడితే అక్కడ నా దెబ్బ పడాలి. సుత్తెతో దాగలి అంచు మీద తట్టాడంటే ఆపాలి. దాగలి అంటే ఇనుము పెట్టి కొట్టే దిమ్మె. పద్దెనిమిదేళ్లు అలా కొడవళ్లు, గొడ్డళ్లు, నాగలి కర్రులు చేశాం. పని జరిగేంతసేపూ మా మధ్య మాట ఉండేది కాదు. మా ఇళ్లలో పద్ధతే అది. పట్టకారు పట్టినవాడు రంగు చూస్తాడు, మంచిచెడ్డ చెబుతాడు. సమ్మెట పట్టిన ఆడమనిషి నోరు తెరవదు. ఇనుము పక్కకు పోతున్నట్టు కళ్లకు కనిపించినా తెరవదు. ఒకసారి నేను ఉండబట్టలేక, గొడ్డలికి కర్ర దూర్చే చెవి వంకర పోతోందని అన్నాను. ఆయన రోజంతా నాతో మాట్లాడలేదు. గొడ్డలి చెవి మాత్రం వంకరే పోయింది.

ఈ మాట దగ్గర మా ఆడబిడ్డ కలం ఆపి నా మొహం చూసింది. వాళ్ల అన్న కదా. రాయమన్నాను.

ఆయన కామెర్లతో పోయాడు. అప్పటికే సంతలో మిషను కొడవళ్లు వచ్చేశాయి. ఆయన పట్టకారును దాగలి మీద అడ్డంగా పెట్టి, కొలిమి కొట్టానికి తడిక కట్టి ఒమాన్ పోయాను. సమాయిల్‌లో ఒక ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మను ఆరేళ్లు చూసుకున్నాను. ఆమె చనిపోయాక ఆ ఇంటి అల్లుడు నా వీసా తన పేరు మీదికి మార్పించి బహ్లాకు తీసుకుపోయాడు. ఆయనే మా ఉస్తాద్. అక్కడ అందరూ ఆయన్ను అలాగే పిలిచేవారు.

ఆయన తాతలు కూడా కమ్మరులేనట. ఆయన వయసులో ఉండగా చదువుకని జపాన్ పోయి, చదువు వదిలేసి, ఒక కత్తులు చేసే పెద్దాయన దగ్గర ఎనిమిదేళ్లు ఉండి వచ్చాడు. బహ్లాలో ఖర్జూరం తోటల పక్కన పాత మట్టి ఇల్లు ఒకటి బాగు చేయించి కొలిమి పెట్టాడు. జపాన్ కత్తులంటే ఇష్టమున్నవాళ్లు మస్కట్ నుంచి, ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చేవారు. రెండు రోజులు ఉండి, తమ చేత్తో కత్తి కొట్టుకుని, పిడి వేయించుకుని పట్టుకుపోయేవారు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మేం గిట్టుబాటు కాక వదిలేసిన పనిని వీళ్లు వెతుక్కుంటూ విమానాలెక్కి వస్తున్నారు.

నేను చేరింది ఊడవడానికి, ఖహ్వా, అంటే అక్కడి కాఫీ, కాయడానికి, బొగ్గును ఒకే సైజు ముక్కలు కొట్టడానికి. చేరిన రెండో వారమో మూడో వారమో సమ్మెట వేసే మనిషి సెలవు మీద దేశం పోయాడు. ఆ పని మా డ్రైవర్ భాయ్ మీద పడింది. ఆయనది కడప. కారు నడపడం, చక్రం మీద కత్తి అరగదీయడం, పిడి వేయడం, వచ్చినవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, అన్నీ ఆయనే. ఏదైనా చేయగలడు, సమ్మెట తప్ప. ఉస్తాద్ సుత్తె ఒకచోట తడుతుంటే భాయ్ దెబ్బ ఇంకోచోట పడుతోంది. చూస్తున్న నా చేతులు ఊరుకోలేదు. చీపురు గోడకానించి దగ్గరికి పోయాను.

"పక్కకు పో అక్కా, కాలిమీద పడిందంటే ఇద్దరికీ ఇంటికి టికెట్టే," అన్నాడు భాయ్.

"ఇటియ్యి భాయ్."

"ఇది చీపురు కాదక్కా."

"తెలుసు. ఇటియ్యి."

ఉస్తాద్ ఇనుము మీద సుత్తెతో తట్టాడు. నేను వేశాను. మళ్లీ తట్టాడు. వేశాను. కొంచెం వాలుగా తట్టాడు, పరీక్ష పెడదామని. నేనూ వాలుగానే వేశాను. చివరికి దాగలి అంచు మీద తట్టాడు. నా సమ్మెట గాలిలో ఆగింది. భాష సరిగా రాని ఊళ్లో ఆ తట్టు మాత్రం మా ఇంట్లోదే. జపాన్‌లో కూడా అచ్చం అలాగేనట.

"ఎవరు నేర్పారు?" అని హిందీలో అడిగాడు.

"మా ఇంటాయన."

ఆ రోజు నుంచి నేను సమ్మెట మనిషిని. సెలవు మీద పోయినతను తిరిగి రాలేదు.

నాలుగేళ్లు గడిచాయి. ఈలోగా జపాన్ కత్తి సంగతి నాకు పట్టుబడింది. మధ్యలో గట్టి ఉక్కు, రెండు పక్కలా మెత్తటి ఇనుము, రెండు రొట్టెల మధ్య కారం పెట్టినట్టు. అది కొట్టి సాగదీశాక బహ్లా కుండల మట్టి పూసి, ఆరనిచ్చి, తలుపులు మూసి చీకటి చేసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. అసలు పని ఆ ముంచడంలోనే ఉంది. మేం కొడవళ్లు చేసింది లారీ కమాను పట్టాలతో. దానికి మోదుగుపువ్వు రంగు రావాలి, నారింజ కలిసిన ఎరుపు. మా ఆయన ఆ రంగు కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. ఈ జపాన్ ఉక్కు అంత వేడిని ఓర్చదు. ఉస్తాద్ ఒక దానిమ్మ పండు కోసి, గింజ చూపించి వచ్చినవాళ్లకు చెప్పేవాడు, "ఈ రంగు. దీని మీద ఒక్క ఊపిరి కూడా వద్దు." పండు దొరకని నెలల్లో ఎర్ర గాజు పూస ఒకటి చూపించేవాడు. నేను ఆయన పక్కన నిలబడి ఆ రంగును వందల సార్లు చూశాను.

నాకు ఇంకో పని కూడా ఇచ్చాడు. నీళ్లలో ముంచిన కత్తిని శుభ్రం చేసి, రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని గోటితో కొట్టి వినాలి. ఖంగుమంటే మంచిది. మొద్దు చప్పుడు వస్తే లోపల ఎక్కడో పగులుంది. మంచివి కుడి పళ్లెంలో, పగిలినవి కింద బుట్టలో వేయాలి. నా చెవి మంచిదని ఉస్తాద్‌కు నమ్మకం. నేను మోగించినదాన్ని ఆయన మళ్లీ మోగించేవాడు కాదు. మోసే పనులు నాకు చాలామంది ఇచ్చారు, నా మాట మీద ఆగే పని ఇచ్చింది మాత్రం ఆయనొక్కడే.

ఆ చలికాలం ఉస్తాద్‌కు కంటి ఆపరేషన్ అయింది. తర్వాత చూపు బాగానే ఉంది కానీ రంగులు మారిపోయాయట. తెలుపులో నీలం కనిపిస్తోందని, ఎరుపు ఇదివరకటి ఎరుపు కాదని అనేవాడు. కొన్ని వారాలు వచ్చేవాళ్లను వద్దన్నాడు. ఒక్క బృందాన్ని మాత్రం వద్దనలేకపోయాడు. అందులో ఆయన గురువుగారి భార్య ఉంది.

ఆమెకు డెబ్బై అయిదేళ్లుంటాయి. చిన్న మనిషి, తెల్లటి జుట్టు వెనక్కి గట్టిగా ముడి వేసుకుంది. ఉస్తాద్ గుమ్మంలో నడుము దాకా వంగి దండం పెట్టాడు. మా ఉస్తాద్ ఎవరికైనా అంత వంగడం నేను అంతకుముందు చూడలేదు. ఆమెతోపాటు మస్కట్ హోటల్లో వంట చేసే ఇద్దరు, ఒక జర్మన్ జంట, ఒమానీ పెద్దమనిషి ఒకాయన ఉన్నారు.

ఆమె సంచిలోంచి గుడ్డలో చుట్టిన నల్లటి ఇనుప ముక్క తీసింది. జానెడున్నర ఉంటుంది. ఉస్తాద్ దాన్ని రెండు చేతులా అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. ఉస్తాద్ చెబితే భాయ్ మా అందరికీ చెప్పాడు. ఆ ఉక్కునూ ఇనుమునూ ఒకటిగా అతికింది ఆమె భర్త. ఆయన చేతి పనిలో ఆఖరిది. కత్తిగా కొట్టేలోపే ఆయన పోయాడు. కొడుకులకు ఆ పని రాదు, ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటోంది. శిష్యుడి కొలిమిలో కత్తి చేయించుకుని పోదామని ఇంత దూరం వచ్చింది.

"చేయించుకుని ఏం చేస్తదట?" అని అడిగాను.

భాయ్ ఉస్తాద్‌ను అడిగి వచ్చి చెప్పాడు. "కూరగాయలు కోసుకుంటాదంట అక్కా. ఇంగేం చేస్తారు కత్తితో?"

ఆమె నా చేతిని చూసింది. చెయ్యి పట్టి అరచేయి తిప్పి, ఉంగరం వేలి కింద కాయ కాసిన చోట బొటనవేలితో నొక్కింది. తర్వాత తన అరచేయి తెరిచింది. అదే వేలి కింద, అదే చోట, పాతబడి పసుపెక్కిన కాయ. ఆమె కూడా సమ్మెట మనిషే.

ఆ పొద్దున ఉస్తాద్ పట్టకారు పట్టాడు, మేమిద్దరం ఎదురెదురుగా నిలబడి మార్చి మార్చి వేశాం. ఆమెది చిన్న సమ్మెట, నాది పెద్దది. ఒక్క దెబ్బ తప్పలేదు. ఒమానీ పెద్దమనిషి ఖహ్వా గిన్నె పట్టుకుని చూస్తూ నిలబడి, తన ఇనుము చల్లారిపోయిన సంగతి మరిచిపోయాడు.

భోజనాలయ్యాక కత్తులకు మట్టి పూసి ఆరబెట్టాం. తలుపులు మూశారు. ఉస్తాద్ కొలిమి ముందు కూర్చుని, మంటలోకి చూసి, తల అడ్డంగా ఊపి లేచాడు. నా వైపు చూశాడు.

"నువ్వు పట్టు. ఈ రంగు నా కంటికంటే నీ కంటికి తెలుసు."

నేను పుట్టి బుద్ధెరిగాక పట్టకారు పట్టుకుని కొలిమి ముందు కూర్చున్నది లేదు. ఆ మాట ఆయనకు చెప్పాలి. చెప్పలేదు. భయం వల్ల కాదు. నాకు ఆశ పుట్టింది. పద్దెనిమిదేళ్లు నిలబడి కొట్టిన మనిషికి ఒక్కసారి కూర్చుని పట్టమంటే ఎలా ఉంటుందో మీరే అనుకోండి.

మొదటి అయిదు కత్తులు చక్కగా వచ్చాయి. దానిమ్మ గింజ, నీళ్లు. దానిమ్మ గింజ, నీళ్లు. జర్మన్ ఆవిడ ప్రతిసారీ చప్పట్లు కొట్టింది. ఆరోది గురువుగారి ఇనుము. అది చేతిలోకి రాగానే నా మనసు నా దగ్గర లేదు. ఇది బాగా రావాలి, అన్నిటికంటే బాగా రావాలి అనుకున్నాను. బాగా అనుకోగానే మా ఆయన కూర్చున్న తీరే గుర్తొచ్చింది. ఆయనలాగే ఊపిరి బిగబట్టాను. ఆయనలాగే ఎదురుచూశాను. దానిమ్మ రంగు వచ్చింది, దాటింది, నేను చూస్తూనే ఉన్నాను. మోదుగుపువ్వు రంగులో తీసి నీళ్లలో ముంచాను.

నీళ్ల లోపల "టిక్" అని వినిపించింది. పెసరగింజ పంటి కింద పడితే ఎంత చప్పుడవుతుందో అంత. ఆవిరి బుసలో అది ఎవరికీ వినిపించి ఉండదు. అది కత్తి పగిలిన చప్పుడని నాకు తెలుసు.

తలుపులు తెరిచారు. ఆరు కత్తులూ కడిగి, నిప్పుల సెగ మీద చూపించి, ఒక్కొక్కటే మోగించాను. అయిదు ఖంగుమన్నాయి. ఆరోది చెక్క మీద కొట్టినట్టు పలికింది. ఉస్తాద్ అటు తిరిగి ఆమెకు ఖర్జూరాలు అందిస్తున్నాడు. నేను ఆ కత్తిని కుడి పళ్లెంలో పెట్టాను.

ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. ఆ క్షణంలో నేను మళ్లీ సమ్మెట మనిషినైపోయాను. మంచిచెడ్డ చెప్పడం నా పని కాదు, చెప్పేవాడు వేరే ఉన్నాడు, ఆయన చూసుకుంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. పట్టకారు పట్టింది నేనే. ఇక చూసుకునేవాడు ఎక్కడి నుంచి వస్తాడు?

మర్నాడు పొద్దున అందరూ చక్రాల దగ్గర కత్తులు అరగదీసుకుంటున్నారు. ఆమె కత్తిని భాయ్ అరగదీస్తున్నాడు. ఆమె ఉస్తాద్‌తో కలిసి వాకిట్లో టీ తాగుతోంది. భాయ్ చక్రం ఆపి నన్ను పిలిచాడు.

"అక్కా, ఒకసారి ఇట్ల రా. ఇదేంది చూడు."

మొన నుంచి నాలుగు వేళ్ల దూరంలో, అంచు మీద, తలవెంట్రుకంత గీత.

"చక్రం గీత కాదు గదా?"

"కాదు."

"నీకు తెలుసా?"

నేను ఆ గీత మీద గోరు ఆనించాను.

"నిన్ననే తెలుసా అక్కా?"

"తెలుసు."

భాయ్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సరే. ఇప్పుడేం చెప్పాకు. నేను నున్నగా మెరుగు పట్టి ఇస్తా, గీత కనపడదు. ముసలామె మొగుని గుర్తని గోడకు తగిలించుకుంటాది, అంతే."

"కూరగాయలు కోసుకుంటదని నువ్వే చెప్పినవ్ గద."

"కోసుకోనీ. పగులుండే సంగతి వంకాయకు తెలుస్తాదా?"

"వంకాయకు తెల్వది. ఒకరోజు గుమ్మడికాయ మీద పెడ్తది. మొన విరిగి చేతిల దిగుతది. ఒక్కతే ఉంటది ఆ ఇంట్ల."

భాయ్ కత్తిని గుడ్డతో తుడిచాడు. ఆయన మంచివాడు. నా కోసమే చెబుతున్నాడు. "అక్కా, నీ వీసా వచ్చే నెల తిరగరాయాల. ఆయన సంతకం పెట్టాల. ఇది ఆయన గురువు చేతి ఇనుము. నువ్వు చెప్తివంటే ఆ సంతకం పెడతాడనుకుంటున్నావా?"

"ఏమో."

"ఇంటికి పోయి ఏం చేస్తావు మరి?"

ఇంటి దగ్గర తడిక కట్టిన కొలిమి ఉంది, అంతే. కత్తిని భాయ్ చేతిలోంచి తీసుకుని లోపలికి నడిచాను. పిలవాలంటే నాకు నోరు రాలేదు. ఏ భాషలో పిలవాలో కూడా తెలియలేదు. దాగలి పక్కన ఉస్తాద్ సుత్తె ఉంది. అంతకుముందు నేను దాన్ని తుడిచి పెట్టడమే తప్ప వాడింది లేదు. దాన్ని తీసి దాగలి అంచు మీద తట్టాను, ఆపమని తట్టే తట్టు.

వాకిట్లో టీ కప్పు పెదవి దాకా తీసుకుపోయిన ఆమె చెయ్యి గాలిలో అలాగే ఆగింది. ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఉస్తాద్ లేచి వచ్చాడు, వెనక ఆమె. చక్రాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నేను కత్తిని పైకి పట్టి గోటితో కొట్టాను. మొద్దు చప్పుడు. మళ్లీ కొట్టాను. ఇక ఎవరికీ చెప్పనవసరం లేదు కానీ చెప్పాలి కదా.

"భాయ్, ఉస్తాద్‌కు చెప్పు. నేనే ఎక్కువ కాల్చిన. దానిమ్మ రంగు దాటిచ్చిన."

భాయ్ ఉర్దూలో మొదలుపెట్టాడు. నా మాటలు రెండు, ఆయనవి పది అయ్యాయి. నీళ్లు చల్లగా ఉన్నాయనీ, ఎవరో తలుపు తీస్తే గాలి కొట్టిందనీ ఏదో కలుపుతున్నాడు. నాకు ఆ మాత్రం ఉర్దూ తెలుసు.

"కలపకు భాయ్. నేనన్నంతే చెప్పు."

భాయ్ మళ్లీ మొదటి నుంచి నేనన్నంతే చెప్పాడు.

ఉస్తాద్ నన్నే సూటిగా హిందీలో అడిగాడు. "ఎప్పుడు తెలిసింది?"

"నిన్న. నీళ్లలనే."

"మోగించి చూశావా?"

"చూసిన."

"ఏ పళ్లెంలో పెట్టావు?"

"మంచి పళ్లెంల."

ఆయన మొహం తిప్పుకున్నాడు. పగిలిందన్నప్పుడు తిప్పుకోలేదు, పళ్లెం మాట దగ్గర తిప్పుకున్నాడు. తర్వాత ఆమెకు వాళ్ల భాషలో చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. నేను ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. పరవాలేదు అనే మాట ఏ భాషలో అన్నా మొహంలో తెలుస్తుంది. ఆమె ఆ మాట అనలేదు.

నా చేతిలోంచి కత్తి తీసుకుంది. తన గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకోసారి కొట్టింది. పగులు ఎక్కడ మొదలైందో వేలితో వెతికి పట్టుకుంది. తర్వాత మెల్లగా మాట్లాడింది. ఉస్తాద్ చెప్పాడు, భాయ్ మాకు చెప్పాడు.

"వాళ్లాయన ఉండుంటే దీన్ని తీసి పెరట్లోకి విసిరేస్తా ఉండెనంట. ఆయన లేడు గదా, కోసేద్దామంటాది. మొన పక్క తీసేసి చిన్న కత్తి చేసుకుందామంటాది. ఒక్కదానికే వంట, ఇంత పొడుగు కత్తి ఎందుకంటాది."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వడానికి చెప్పలేదు.

కొలిమి మళ్లీ రాజేశాం. ఉస్తాద్ పట్టకారు కోసం చెయ్యి చాచాడు. ఆమె అంతకంటే ముందే చిన్న సమ్మెట తీసుకుని, గడ్డంతో నన్ను చూపించింది. ఉస్తాద్ ఏదో అన్నాడు. ఆమె ఇంకోసారి గడ్డం ఆడించింది. ఆయన పట్టకారు నా ముందు పెట్టాడు. చేతికివ్వలేదు, ముందు పెట్టాడు.

నేను కాల్చి తెచ్చి దాగలి మీద పెట్టాను. పగులుకు ఇవతల ఉస్తాద్ ఉలి ఆనించాడు. ఆమె సమ్మెట ఎత్తి నిలబడింది, నా వైపే చూస్తోంది. నాకు వెంటనే తట్టలేదు. ఎవరో చెబుతారని నేనూ ఎదురుచూస్తున్నాను. చెప్పాల్సింది నేనే. సుత్తె తీసి ఉలి తల మీద తట్టాను. ఆమె వేసింది. మూడో దెబ్బకు మొన తెగి కింద పడింది. ఆ తర్వాత కొత్త మొన సాగదీయడానికి ఎక్కడ తడితే అక్కడ ఆమె దెబ్బ పడింది, నా పద్దెనిమిదేళ్లలాగే, నోరు తెరవకుండా. దాగలి అంచు మీద తట్టాను. ఆగింది.

బూడిదలో మెల్లగా చల్లారబెట్టి, మళ్లీ మట్టి పూసి ఆరబెట్టేసరికి సాయంత్రం అసర్ నమాజు వేళ దాటింది. మిగతావాళ్లు తమ కత్తులు తీసుకుని వెళ్లిపోవచ్చు. ఎవరూ వెళ్లలేదు. ఉస్తాద్ తలుపులు మూశాడు.

ఈసారి నేను ఊపిరి బిగబట్టలేదు. చూసిన ప్రతి రంగూ పైకి చెప్పాను, మా మాటలోనే, అందరికీ వినిపించేలా. "నల్లగనే ఉన్నది. ఎరుపు తిరుగుతున్నది. ఇంక రాలె. ఇంక రాలె. మొన దిక్కు వచ్చింది, పిడి దిక్కు రాలె. వచ్చింది. గిదే." అక్కడున్నవాళ్లలో ఆ మాటలు అర్థమైంది భాయ్ ఒక్కడికే. అందరూ విన్నారు. కొలిమి దగ్గర నేను అన్ని మాటలు మాట్లాడింది అదే మొదటిసారి.

నీళ్లలో ముంచాను. ఆమె తొట్టి మీదికి చెవి వంచింది. బుస తగ్గింది. వేరే చప్పుడు రాలేదు.

కత్తి కడిగి అలవాటు మీద వేళ్ల మధ్య పట్టుకున్నాను. ఉస్తాద్ వచ్చి నా చేతిలోంచి తీసుకున్నాడు. తనే మోగించాడు. ఖంగుమంది. తనే కుడి పళ్లెంలో పెట్టాడు.

పొద్దు వాలే వేళకు భాయ్ దానికి పిడి వేశాడు. జానెడుకు కొంచెం తక్కువ. ఆమె దాన్ని అదే గుడ్డలో చుట్టుకుంది. తెగిపోయిన మొన ముక్క దాగలి కింద పడి ఉంటే వంగి తీసి, బొగ్గు మసి తుడిచి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని కొంగున ముడి వేసుకున్నాను.

ఉస్తాద్ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఖహ్వా ఇస్తే తాగేవాడు. అయిదో రోజు పిలిచి, కొత్త బొగ్గు తడిగా ఉందని చెప్పాడు. వీసా కాగితం మీద నెలాఖరులో సంతకం పెట్టి భాయ్ చేత పంపాడు. "బతికిపోయినావు అక్కా," అన్నాడు భాయ్. అంత సులువుగా లేదని ఆయనకు తెలియదు.

ఆ తర్వాత మూడేళ్లు పని చేశాను. ఉస్తాద్ కళ్లకు ఎరుపు మళ్లీ అలవాటైంది, అయినా నీళ్లలో ముంచేటప్పుడు పట్టకారు నాకే ఇచ్చేవాడు. వచ్చినవాళ్లు ఒక ఆడమనిషి కూర్చుని కాలుస్తుంటే ఫోటోలు తీసుకునేవారు. మోగించే పని మాత్రం ఆయన తిరిగి ఇవ్వలేదు. నేను ముంచి, కడిగి, పీట మీద పెడితే ఆయనే ఒక్కొక్కటీ మోగించి పళ్లెంలో వేసేవాడు. చేతి తప్పుకు ఆయన నన్ను దూరం పెట్టలేదు. నా మాట మీద ఆగే పని పోయింది, అది నేనే పోగొట్టుకున్నాను. మీరు ఎక్కడ పనికి కుదిరినా పొరపాటు చేయకుండా ఉండలేరు. చేసినరోజే చెప్పండి. నేను ఒక్క రోజు ఆలస్యంగా చెప్పాను, ఆ ఒక్క రోజును పూడ్చడానికి మూడేళ్లు పట్టింది.

ఆ మొన ముక్క ఇప్పుడు మా కొలిమి కొట్టంలో, మా ఆయన పట్టకారు పక్కన ఉంది. తడిక విప్పేశాను. అప్పుడప్పుడు పోయి కూర్చుంటాను. దాన్ని గోటితో కొడితే ఇప్పటికీ మొద్దుగానే పలుకుతుంది.

నేను వచ్చేసే రోజు పొద్దున ఒక కత్తి మిగిలి ఉంది. ముంచి, కడిగి, పీట మీద పెట్టి చేతులు తుడుచుకుంటున్నాను. బయట భాయ్ నా పెట్టె కారులో పెడుతున్నాడు. ఉస్తాద్ ఆ కత్తిని రెండు వేళ్లతో ఎత్తి, నా చెవి దగ్గరికి తెచ్చి గోటితో కొట్టాడు. పళ్లెం వైపు పోలేదు. నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"మంచిగున్నది," అన్నాను.

అప్పుడు కుడి పళ్లెంలో పెట్టాడు.